ఇరవై ఏడో నిబంధన మీద అత్తయ్యగారు

మా తోడల్లుణ్ణి కార్ఖానాలో అందరూ ఆవిరాయన అనేవారు. ఆసుపత్రుల దుప్పట్లు ఉతికే కార్ఖానా అది. అక్కడి బాయిలరు గదిలో పందొమ్మిదేళ్లు సహాయకుడిగా ఉన్నాడు. మీటరు ముల్లు వైపు చూడకుండా, గొట్టాల చప్పుడు విని లోపల ఆవిరి ఎంతుందో చెప్పేవాడు. కానీ బాయిలరును పూర్తిగా ఆయన చేతికి అప్పగించాలంటే సర్టిఫికెట్ కావాలి. అది రావాలంటే ముగ్గురు పెద్దమనుషుల ముందు నలభై రెండు నిబంధనల్లో ఏది అడిగినా చెప్పాలి. రెండుసార్లు వెళ్లి రెండుసార్లూ తప్పి వచ్చాడు. మూడోసారి తప్పితే ఇక పరీక్షకు రానివ్వరు. బాయిలరు గదిలోంచి తీసి దుప్పట్లు మడతపెట్టే బల్ల దగ్గర వేస్తామని మేనేజరు ముందే చెప్పేశాడు.

"మడతపెట్టడం నావల్ల కాదు తమ్ముడూ," అన్నాడు నాతో. "ఇన్నేళ్లుగా మీ వదిన నేర్పుతూనే ఉంది. నా చొక్కా నా మాటే వినదు."

ఎలా చదువుతున్నావని అడిగాను. పుస్తకం ముక్కుకు ఆనించి కూర్చున్న చోటే యాభైసార్లు చదవడమట. తెల్లారేసరికి ఒక్కటీ మిగలదట. నాకు చదివే అలవాటుంది కాబట్టి, ఎక్కడో చదివింది చెప్పాను. మనసు అక్షరాన్ని జారవిడుస్తుంది కానీ చోటును అంత తేలిగ్గా వదలదు. ఒక్కో నిబంధనను ఇంట్లో ఒక్కో చోట పెట్టుకో, గేటు నుంచి నడుచుకుంటూ వెళ్లి ఏరుకో అన్నాను. ఒక్కరోజే యాభైసార్లు కాదు. ఇవాళ ఓసారి, రెండ్రోజులాగి ఓసారి, వారానికి మరోసారి, అదీ పుస్తకం మూసి.

నేను చెప్పింది మనసులోని ఇల్లు. ఆయన విన్నది తాళం వేసుకునే ఇల్లు.

మర్నెల్లో వాళ్లింటికి వెళ్తే వదిన గుమ్మంలోనే ఆపింది.

"గడప తొక్కకండి మరిదిగారూ, సేఫ్టీ వాల్వు ఉంది."

దాటి లోపలికెళ్లి స్టూలు మీద కూర్చోబోయాను.

"అయ్యయ్యో, పదకొండోది! లేవండి, లేవండి."

"మరెక్కడ కూర్చోను వదినా?"

"కిటికీ కింద నేల మీద. అక్కడ ఇంకా ఏమీ పెట్టలేదు."

అద్దం, గడియారం, బియ్యం డబ్బా, ఏదీ అంగుళం కదలలేదు. వదిన వాటి చుట్టూ తిరిగి ఊడ్చుకుంటోంది. "నాకూ అన్నీ వచ్చేశాయి," అంది. "నన్ను పంపినా గట్టెక్కుతాను. ఆయన్ని తల్చుకుంటేనే గుండె దడ."

నిజానికి ఆ దడ అక్కర్లేదు. ఆయన కళ్లు మూసుకుని గేటు దగ్గర మొదలుపెట్టి, పెరట్లో కుళాయి దాకా నలభై రెండూ పొల్లు పోకుండా అప్పజెప్పాడు. అంత గొప్ప సలహా నాదేనని నాలుగు రోజులు నాలో నేనే మురిసిపోయాను.

పరీక్ష ఇంకా పదిరోజులుందనగా మోకాళ్ల నొప్పులతో అత్తయ్యగారు దిగారు. నడిమి గదిలో మంచమెక్కారు. ఆ మంచం ఇరవై ఏడోది.

"అత్తయ్యా, ఆ మంచం కాస్త..."

"మీ ఇంటికొస్తే నడుం వాల్చడానికి మంచం కూడా లేదా అల్లుడూ?"

"ఉందత్తయ్యా. దాని మీద నిబంధన ఉంది."

"అయితే దాన్ని కింద పడుకోబెట్టు."

ఆవిడ నాకూ అత్తగారే. నేను కల్పించుకోలేదు.

పరీక్ష రోజు ఆయనకు తోడుగా వెళ్లి వరండాలో బెంచీ మీద కూర్చున్నాను. ఉక్కగా ఉండటంతో తలుపు మూయకుండా ఇటుక అడ్డం పెట్టారు. లోపలిదంతా కనిపిస్తోంది, వినిపిస్తోంది.

మొదట పందొమ్మిదోది అడిగారు. ఆయన కళ్లు మూసుకున్నాడు. అర నిమిషం గడిచింది.

"ఏమయ్యా, నిద్రపోతున్నావా?"

"లేద్సార్. గేటు తీశాను. చెప్పులు విప్పుతున్నాను."

ముగ్గురూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఈలోగా ఆయన అద్దం దగ్గరికి చేరి జవాబు మొత్తం చెప్పేశాడు. తర్వాత ఆరోది. మళ్లీ గేటు దగ్గర నుంచే.

"మళ్లీ చెప్పులు వేసుకున్నావా?" అన్నాడు వారిలో పెద్దాయన.

"ఎండగా ఉంది కదా సార్."

మూడో ప్రశ్న: బాయిలరు నీటిమట్టం చూపే గేజి గ్లాసులో నీళ్లు కనిపించకపోతే ఏం చేస్తావు? ఆయన మొహాన చెమట పట్టింది.

"సార్, అది మంచం మీద ఉంది. మా అత్తగారు దాని మీద పడుకున్నారు."

"లేపు."

"మా ఇంట్లో అంత ధైర్యం ఎవరికీ లేద్సార్."

"ఇది తప్పితే మిగతావి చెప్పినా లాభం లేదు," అన్నాడు పెద్దాయన, కాస్త జాలిగానే. "ఇంటికి ఫోన్ చెయ్యి."

పక్కాయన అడ్డుపడ్డాడు. అది కాపీ కొట్టడం కిందికి వస్తుందన్నాడు. కాసేపు తర్జనభర్జన పడి, స్పీకరు పెట్టి, జవాబు తప్ప ఇంకేదైనా మాట్లాడుకోవచ్చని తీర్మానించారు.

"ఏమే, అమ్మను మంచం దింపు. ఇక్కడ అడుగుతున్నారు."

ఫోనులో వదిన గొంతు దూరమైంది. "అమ్మా లే, ఆయన పరీక్షలో ఉన్నారు."

"పరీక్ష అక్కడైతే ఇక్కడ నేనెందుకు లేవాలే?"

"లే అమ్మా, ఆయన్ని దుప్పట్లు మడతపెట్టమంటారు!"

మంచం కిర్రుమంది. మూలుగు వినిపించింది. "ఆఁ, లేచింది," అంది వదిన.

ఆయన మొహం తేటపడింది. "ముందు మంట ఆపాలి. గబుక్కున చల్లనీళ్లు ఎక్కించకూడదు. దానంతటదే చల్లారనివ్వాలి. పైవాళ్లకు కబురు చెయ్యాలి."

ఫోనులో అత్తయ్యగారి గొంతు: "ఇక పడుకోవచ్చునా? ఇంకేమైనా ఉన్నాయా?"

పెద్దాయన కాగితం తిరగేసి అడిగాడు. "ఇంకా ముప్పై మూడు, నలభై ఒకటి అడగాలి. అవెక్కడున్నాయి?"

"ముప్పై మూడు వంటింట్లో, నలభై ఒకటి పెరట్లో సార్."

"అయితే పడుకోమనండమ్మా."

మళ్లీ కళ్లు మూసుకుని ఆ రెండూ తడుముకోకుండా చెప్పేశాడు. ముగ్గురూ సంతకాలు పెట్టి కాగితం ముందుకు జరిపినా మా తోడల్లుడు కళ్లు తెరవలేదు. పెరట్లోంచి గేటు దాకా నడిచి రావాలి కదా.