రోజూ పోయే హన్నమ్మ సిస్టర్

మా హన్నమ్మ సిస్టర్ రోజుకు ఒక్కసారైనా చచ్చిపోయేవారు. ఆదివారం చర్చికి వెళ్ళొచ్చి మరీ పోయేవారు. అన్నిసార్లు పోయినా ఒక్క చావూ ఆవిడ తప్పు కాదు. ప్రతిసారీ చంపింది మేమే.

డెబ్భై నాలుగులో తిరువూరులో ఒక చిన్న ఆసుపత్రిలో మేం నలుగురం నర్సులుగా కొత్తగా చేరాం. షుగరు రోగుల్ని ఇంటికి పంపేముందు ఇన్సులిన్ సూది వేసుకోవడం, వేళకు తినడం వాళ్ళకు నేర్పాలి. అలా నేర్పడం మాకు నేర్పేది హన్నమ్మగారు. పాఠం చెప్పే ఓపిక ఆవిడకు లేదు. తెల్లచీర మీద ఎర్ర దుప్పటి కప్పుకుని, మంచమెక్కి, తానే రోగి అయిపోయేవారు.

"ఏవమ్మా మాణిక్యం, మాది వినగడప. శనివారం నాకు ఉపవాసం. ఆ పూట సూది వేసుకోవాలా?"

"రోజూ వేసుకోవాల్సిందేనండి," అన్నాను టకీమని.

ఆవిడ తొడలో ఉత్తుత్తి సూది పొడుచుకున్నారు. చేతులు వణికించారు, చెమట తుడుచుకున్నారు, నాలుక బయటపెట్టి దిండు మీద ఒరిగిపోయారు.

"పోయాను," అన్నారు కళ్ళు తెరవకుండా. "సూది వేసుకుని తిండి మానేస్తే ఒంట్లో చక్కెర పడిపోతుందని ఎవరు చెప్తారే? మళ్ళీ మొదలెట్టు."

వార్డులో ఉన్న తల్లిని చూడవచ్చిన జట్కా తోలే చాంద్‌బాషా అది చూసి, పెద్ద నర్సమ్మ పోయిందని బస్టాండు దాకా చాటి వచ్చాడు. సాయంత్రానికి ఇద్దరు దండలు పట్టుకొచ్చారు. ఆవిడ దండలు పుచ్చుకుని, వాళ్ళిద్దరికీ మూత్రపరీక్ష చేయించి పంపారు.

విస్సన్నపేట మామిడితోటల ఆసామి ఆదిశేషయ్యగారి భార్య సీతారావమ్మ పన్నెండు రోజులు మా వార్డులో ఉంది. ఆమెకు నేర్పింది నేనే. సిరంజి ఉడికించడం, గీత దాకా మందు లాగడం, సూది వేసుకున్న అరగంటలో తినడం, అన్నీ అప్పజెప్పింది. ఒకటే చిక్కు. ఇంట్లో అందరికీ పెట్టి తాను తినేసరికి మధ్యాహ్నం రెండవుతుందని నాతో మెల్లగా అంది. "వీలు చూసుకుని తినండి," అని సలహా పారేశాను. పక్క మంచం దగ్గర హన్నమ్మగారు విన్నారు.

మర్నాడు డాక్టరుగారు పంపించెయ్యమని సంతకం పెట్టారు. ఆదిశేషయ్యగారు కారు మాట్లాడుకొచ్చారు. హన్నమ్మగారు గుమ్మానికి అడ్డంగా నిలబడ్డారు.

"పంపను."

"డాక్టరుగారు సంతకం పెట్టారు కదమ్మా!"

"సంతకం పెట్టింది ఆయన. ఇంటి దగ్గర సూది పొడుచుకునేది ఈవిడ."

డాక్టరుగారొచ్చి నచ్చజెప్పబోయారు. "మందు రాయడం మీ పని సార్. ఇంటికెళ్ళి బతికేట్టు పంపడం నా పని," అన్నారావిడ. డాక్టరుగారు మళ్ళీ గదిలోకి వెళ్ళిపోయారు.

"అన్నీ నేర్చుకున్నానని నువ్వు చెప్పవేం? ఏమొచ్చింది నీకు?" అని ఆదిశేషయ్యగారు భార్యను గద్దించారు. ఆమె తల దించుకుంది.

"తప్పు ఆవిడది కాదండి. మా మాణిక్యానికి నేర్పడం రాలేదు."

నలుగురిలో ఆ మాటకు నాకు ఒళ్ళు మండింది. ఈలోగా హన్నమ్మగారు ఎర్ర దుప్పటి కప్పుకున్నారు.

"ఏవండీ, ఆరున్నరకి సూది వేసుకున్నాను. మావయ్యగారికి కాఫీ ఇచ్చాను. మీకు టిఫిను పెట్టాను. మీ తమ్ముడొచ్చాడని మళ్ళీ పొయ్యి వెలిగించాను. తోటలో కూలోళ్ళకి అన్నాలు పంపాను. కాళ్ళు వణుకుతున్నాయండీ. అత్తయ్యగారు తినందే నేనెట్టా తినేది?"

గోడ వెంట జారి నేల మీద పడిపోయారు. ఆదిశేషయ్యగారు భార్య వైపు తిరిగారు.

"అంతసేపూ తినవా?"

ఆమె చెంగుతో కళ్ళొత్తుకుంది.

"లేవండమ్మా," అన్నారాయన. "ఇకనించి ముందు తనే తింటుంది."

శవం కదల్లేదు. "ఎంతసేపట్లో?"

"అరగంటలో."

"చుట్టాలొస్తే?"

"వచ్చినా సరే."

"కూలోళ్ళకి?"

"నేను పెడతాను. మా అమ్మకీ నేనే చెప్తాను."

శవం లేచి కూర్చుంది. "రేపు పొద్దున ఇక్కడే తిని వెళ్తుంది," అని తీర్పు చెప్పింది. మొగుడి ముందు ఆ ఇల్లాలి నోట రాని మాట కోసం ఆవిడ చచ్చారని తెలిసి నా కోపం ఎటు పోయిందో తెలీదు.

మర్నాడు సీతారావమ్మ తన చేత్తో సూది వేసుకుని, ఉప్మా పళ్ళెం ముందు కూర్చుంది. బయట కారు హారను మోగింది. ఆదిశేషయ్యగారు తొంగిచూసి, "డ్రైవరు తొందరపడుతున్నాడు, త్వరగా కానీ," అన్నారు.

ఆమె తల ఎత్తలేదు.

"ఆగమనండి. నేను తింటున్నాను."