కార్డు కాపీలు అడిగిన అంకుల్

"అమ్మా, ఆస్పత్రి కార్డు కాపీ ఒకటి ఇస్తావా?" వ్యాను తలుపు తీస్తూ అంకుల్ ఎప్పుడూ ఇదే అడిగేవారు.

సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలకు మనవాళ్లు సింగపూర్ వచ్చిపడుతున్న రోజులవి. మేం అక్కడ సెంగ్‌కాంగ్ అనే పేటలో ఉండేవాళ్లం. మావారికి కిడ్నీలు పాడయ్యాయి. వారానికి మూడుసార్లు డయాలిసిస్‌కు టాక్సీలో వెళ్లడం నా ఒక్కదాని జీతంతో అయ్యేది కాదు. గుడిలో పరిచయమైన అంకుల్ తన వ్యానులో ఊరికే తీసుకెళ్తానన్నారు. తాతల కాలంలోనే ఇక్కడికొచ్చిన తెలుగు కుటుంబం వాళ్లది.

ఊరికే ఎవరు చేస్తారు? మా జబ్బు చూపించి చందాలు పోగేస్తున్నారేమో! నేను వద్దంటున్నా, మావారు కాపీ ఇచ్చేశారు.

"దేనికి అంకుల్?" అని నిలదీశాను.

"పని కానీ లా, చెప్తాను," అని సింగపూర్ యాసలో అంటూ నవ్వారు.

ఆ నవ్వుతో నా అనుమానం ముదిరింది. అదే వ్యానులో వచ్చే మరో ఇద్దరు రోగుల ఇళ్లకు ఫోన్ చేసి, ఆయన మోసగాడని చెప్పాను. మూడిళ్లవాళ్లం ఆ వ్యాను ఎక్కడం మానేశాం.

నెల తర్వాత ఒక సేవాసంస్థ నుంచి ఫోను వచ్చింది. డయాలిసిస్‌కు తీసుకెళ్లడానికి, వీల్‌చైర్‌తో సహా ఎక్కించుకునే బండి తక్కువ ఛార్జీకి మా మూడిళ్లకూ ఇస్తారట.

"ఆ అంకుల్ మీ కాపీలు పట్టుకుని ఎన్నిసార్లు తిరిగారో!" అంది అక్కడి అమ్మాయి.

అంకుల్‌కు ఫోన్ చేశాను.

"బండి ఇచ్చారా అమ్మా? మంచిది. నాకు చూపు తగ్గిపోతోంది, ఇంక నడపకూడదన్నారు డాక్టరు. ఆలోపు మీకో దారి చూపించాలని తొందరపడ్డాను."

ఆ సాయంత్రం ఆ రెండిళ్లకూ వెళ్లి, నేను చెప్పింది అబద్ధమని ఒప్పుకున్నాను.