బ్యాంకాక్‌లో శుక్రవారం భోజనాలు

గల్ఫ్‌లో భార్యతో కాపురం ఉండేవాడి ఫ్లాటు శుక్రవారం సెలవునాడు ఫ్లాటు కాదు, కల్యాణ మండపం. షార్జా అల్ నహ్దాలో మా ఇంటికి ఆ పూట మన భాష మాట్లాడే బ్యాచిలర్లందరూ భోజనానికి దిగేవారు. ఊళ్లో పెళ్లాం, నలుగురు పిల్లలు ఉన్నవాడు కూడా గల్ఫ్‌లో బ్యాచిలరే, గమనించాలి. గుమ్మం దగ్గర మొదలైన చెప్పుల వరస లిఫ్టు దాకా పాకేది. ఒకసారి వాచ్‌మన్ పైకొచ్చి, ఎవరు పోయారని నెమ్మదిగా అడిగాడు.

"వదినా, ఇంకింత పప్పు ఎయ్యుండ్రి. మా లేబర్ క్యాంపుల పప్పంటే నీళ్లకు పసుపు రంగేసుడే!" అనేవాడు నిజామాబాద్ తమ్ముడొకడు. మా ఆవిడ నవ్వుతూ వడ్డించేది. నేను అంతకంటే గొప్పగా నవ్వుతూ కూర్చునేవాణ్ని. ఆతిథ్యంలో నా వాటా అది.

ఆ ఏడు ఈద్ సెలవులు వచ్చినప్పుడు ఆవిడ గరిటె పక్కన పెట్టి చెప్పింది.

"సెలవులకి నెల్లూరు పోతే మీ అమ్మగారి వంటిల్లు. ఈడుంటే ఈ వంటిల్లు. ఒక్క శుక్రవారం, ఒకే ఒక్కటి, నేను వంట చెయ్యకుండా గడవాల. యాడికన్నా సరే, తీసకపోండి."

ఏనుగు మీద కూర్చున్న చక్రవర్తిలా వరమిచ్చేశాను. బ్యాంకాక్‌కి టికెట్లు కొన్నాను.

అక్కడి విమానాశ్రయంలో నా పెట్టె తెరిపించారు. చొక్కాల మధ్య హాయిగా పడుకున్న రైస్ కుక్కర్, దాని పొట్టలో బియ్యం, గోంగూర పచ్చడి సీసా బయటపడ్డాయి. మా ఆవిడ ఆ కుక్కర్ని సవతిని చూసినట్టు చూసింది.

"ఇదేందండీ?"

"నా ఒక్కడి కోసమే. ప్రాణం మీదికొస్తే."

"మీ చేత్తో వండుకునేటట్టయితే నాకేం పన్లేదు."

ఇక ఆ నగరం సంగతి. అక్కడ కురిసేదాన్ని వాన అంటే వానకి కోపం వస్తుంది. షార్జాలో నాలుగు చినుకులు పడితే బాల్కనీలోకి పరిగెత్తి ఫొటోలు తీసుకునేవాళ్లం మేము. ఇక్కడ చార్మినార్‌ని కడిగి ఆరేసేంత నీళ్లు ఒక్క సందులో పడుతుంటే, ఆ సందులోనే ఒకావిడ గొడుగు కింద చేపలు కాలుస్తూ పాట పాడుతోంది. కరెంటు స్తంభాల మీద తీగలు ఎన్ని చిక్కులు పడ్డాయంటే, వాటిని విడదీయడానికి కూర్చున్నవాడు మనవలకి ఆ పని అప్పగించి పోవాలి. పచ్చదనమైతే లెక్కాపత్రం లేదు. మా దగ్గర ఒక్కో మొక్కకీ ఒక్కో నీటి గొట్టం పెట్టి పసిబిడ్డలా పెంచుతారు. ఇక్కడ గోడ పగిలితే చాలు, అందులోంచి అడవి తొంగిచూస్తోంది.

నా అసలు పొరపాటు వేరే. ఇన్నేళ్ల గల్ఫ్ కాపురంలో, పరదేశమంటే హిందీ, దానికి తోడు నాలుగు అరబ్బీ ముక్కలు నడిచే చోటని నా నాలుక స్థిరపడిపోయింది. మూడు చక్రాల బండివాడితో "భయ్యా, సీదా! యల్లా!" అన్నాను. అతను ఎంతో మర్యాదగా నవ్వి, ఎడమవైపు తిప్పి, మమ్మల్ని ఒక దర్జీ కొట్టు ముందు దించాడు. మా ఆవిడ పగలబడి నవ్వింది. ఆ నవ్వు విని చాలా కాలమైందనిపించింది.

శుక్రవారం వచ్చింది. పొద్దున్నే ఆవిడ నది మీద పడవెక్కుదామని తయారవుతుంటే, నేను మంచినీళ్ల సీసా కోసం కిందికి దిగాను. లిఫ్టులో ఇద్దరు అన్నదమ్ములు తెలుగులో మాట్లాడుకుంటూ కనిపించారు. గుంటూరు నుంచి కొట్టుకి బట్టలు కొనడానికి వచ్చారట.

"వచ్చిన కాణ్ణించీ బ్రెడ్డూ అరటిపండేనండీ," అన్నాడు పెద్దవాడు. "ఏం తిందామన్నా అది ఈదేదో పాకేదో తెలవట్లా."

నా నోరు నన్ను అడగలేదు. "శుక్రవారం కదా, మధ్యాహ్నం మా ఇంటికి భోజనానికి వచ్చేయండి," అనేసింది. తలుపులు మూసుకున్నాక గుర్తొచ్చింది, మా ఇల్లంటే హోటల్లో ఒక మంచం, ఒక టీవీ.

గదికి వచ్చి చెప్పాను. ఏళ్ల తరబడి చూసిన దృశ్యం కోసం, అంటే ఆవిడ నిట్టూర్చి కొంగు బిగించడం కోసం, ఎదురుచూశాను. ఆవిడ చెప్పులు తొడుక్కుంది.

"రానీండి, మంచిదే. పాపం ఆకలిమీదుంటారు."

"మరి నువ్వెక్కడికి?"

"పడవెక్కను."

"వంటో?"

"పిల్చిందెవురు?" అని సంచి భుజాన వేసుకుని వెళ్లిపోయింది.

బియ్యం వాష్‌బేసిన్‌లో కడిగాను. నీళ్లు ఎన్ని పోయాలో తెలియక భక్తి కొద్దీ పోశాను. తయారైన పదార్థంతో నగరంలోని సినిమా పోస్టర్లన్నీ అంటించవచ్చు. హోటలు వాళ్ల మంచు ముక్కల బకెట్టు ఖాళీ చేసి, అందులో అన్నం, గోంగూర కలిపి వడ్డిస్తే, అన్నదమ్ములు కళ్లనీళ్లు పెట్టుకుని తిన్నారు. పచ్చడి ఘాటుకో, అన్నం చూసిన ఆనందానికో అడిగే ధైర్యం నాకు లేదు.

"వదినగారు కనపడరేంటండీ?" అన్నాడు చిన్నవాడు.

"ఇవాళ ఆవిడకి సెలవు," అన్నాను. ఆ మాట నా నోట కొత్తగా వినిపించింది.

వాళ్లు వెళ్లాక వాన మొదలైంది. బకెట్టు కడుగుతూనే కిటికీకి అతుక్కుపోయాను. భాష రాదు, దారి తెలియదు, నది చూస్తే సముద్రమంత. నా బుర్రలో ఆ పడవ అప్పటికి పదిసార్లు మునిగింది.

చీకటిపడే వేళకి వచ్చింది. తల నుంచి పాదాల దాకా తడిసింది, ముఖం మాత్రం వెలిగిపోతోంది.

"ఏమన్నా తిన్నావా?" అన్నాను కంగారుగా.

"పడవలోనే ఒకామె వండి ఆకులో పెట్టింది. తియ్యగా ఉంది, కారంగానూ ఉంది."

"ఏంటది?"

"నాకేం తెల్సు," అంది జుట్టు పిండుకుంటూ. "అడగలా. ఎట్టా చేశారో తెలిస్తే, వచ్చే శుక్రవారం నన్నే చెయ్యమంటారు."