అమ్మమ్మ కాల్చిన రెక్కల కుండ

ఎడారి గుట్ట మీది మా సిచోమోవి ఊళ్ళో మా అమ్మమ్మ కువన్యాంసి అంత నోరున్న మనిషి లేదు. కుండ కాల్చే పూట మాత్రం గుసగుసే. మంటలో ఉన్న కుండ దగ్గర గొంతెత్తితే ఆ గొంతు లోపలికి దూరి కుండను చీలుస్తుందని మావాళ్ళ నమ్మకం.

ఐదో తరగతితో బడి నన్ను వదిలించుకుంది. అప్పటినుంచి అమ్మమ్మకు మట్టి పిసికిపెట్టేదాన్ని. ఆమె మట్టిని తాళ్ళలా పేని, చుట్ట మీద చుట్ట పెట్టి కుండ లేపుతుంటే చూసేదాన్ని. బొమ్మలు వేసేటప్పుడు మాత్రం నిద్రొచ్చేది.

ఆ ఏడు ఆమె కుడికన్ను పోయింది. ఎడమది చలికాలం దాటదన్నాడు డాక్టరు. అమ్మమ్మకు వాళ్ళమ్మ నేర్పిన రెక్కల బొమ్మ ఇంకెవరికీ రాదు. అది వేసిన పాత కుండలన్నీ వర్తకుల బండ్లెక్కి ఎటో పోయాయి.

"ఒక్కటి వేసి పెడతానే కోతీ. దాన్ని చూసి నేర్చుకుందువు."

"నీ ముక్కు తగిలి రంగు చెరుగుతోంది, జరుగు," అన్నాను, ఆమె కుండకు ముఖం ఆనించి గీస్తుంటే.

"నీ నోట్లో పచ్చిమట్టి కొట్టా!"

యక్కా అనే ఎడారి మొక్క ఆకు నమిలి చేసిన కుంచెతో పదకొండు రోజులు వేసింది.

పన్నెండో రోజు పొద్దున్నే కుండ బోర్లించి, పాత పెంకులు కప్పి, గొర్రెపేడ పిడకలు పేర్చి నిప్పంటించాం. అంతలో గాలి తిరిగింది. మంట ఆమె గుడ్డికన్ను వైపు ఒరిగి శాలువా అంచు పట్టుకుంది. ఆమెకు కనబడలేదు.

"అమ్మమ్మా!" అని గావుకేక పెట్టాను.

శాలువా లాగి మంటను నలిపేశాను. పిడకల లోపల ఠప్పుమంది.

"గాలికే పగిలింది," అన్నాను. ఆమె పిడకల వైపు చెవి ఒగ్గి కూర్చుంది. తిట్టినా బాగుండేది.

చల్లారాక ముక్కలు ఏరి నేల మీద అమర్చాను. నడుమ అరచేయంత మేర పొడైపోయింది. అమ్మమ్మ వెంటనే ఇంకో కుండ మొదలుపెట్టింది కానీ, అది ఆరకముందే ఎడమకన్నూ ఆరిపోయింది.

ఇప్పుడు రోజూ నా వేలు పట్టుకుని ఆ ముక్కల మీది గీతల వెంట నడిపిస్తుంది. నడిమి ఖాళీ దగ్గర ఇద్దరి వేళ్ళూ ఆగిపోతాయి.

"నేను బొమ్మ వేసేటప్పుడు పక్కనే ఉన్నావుగా. ఇక్కడ రెక్క లోపలికి తిరిగిందా, బయటికా?" అని ఈ పొద్దు అడిగింది.

"లోపలికి," అన్నాను. నాకేం తెలుసు?

ఆమె నా వేలిని లోపలికి తిప్పింది. మళ్ళీ వెనక్కి లాగింది.

"కాదేమోనే," అంది.