కడ్డీకి వేసిన రంగు

నా చిన్నప్పుడు మా ఇంట్లో రంగు వెయ్యని ఇనుప ముక్క కనిపించేది కాదు. మా బాపు నయాపూల్ దగ్గర ఒక దుకాణంలో రేకు ట్రంకు పెట్టెలకు రంగులు వేసేవాడు. పెళ్ళిళ్ళ కాలంలో ఎన్ని పెట్టెలు వచ్చినా మూత మీద పువ్వు మాత్రం ఆయన చేత్తోనే పడాలి. డబ్బా అడుగున మిగిలిన రంగును ఇంటికి తెచ్చి కిటికీ చువ్వలకు, మంచం పట్టెలకు, కుట్టు మిషను కాళ్ళకు పూసేవాడు. ఇనుము కంటబడితే కుంచె పట్టాలె అన్నది ఆయన సిద్ధాంతం. ఈయన ముందు ఎక్కువసేపు కదలకుండా కూర్చుంటే మనకు కూడా ఒక పూత పడుతుందని గల్లీలో వాళ్ళు నవ్వేవాళ్ళు. ఆయన కూడా నవ్వేవాడు కానీ కుంచె మాత్రం దించేవాడు కాదు.

మాది పాతబస్తీలో ఒక ఇరుకైన ఇల్లు. వంటగది పైన, స్నానాల గది కింద, మధ్యలో నిటారుగా తొమ్మిది మెట్లు. మా తాతయ్యకు పక్షవాతం వచ్చి ఒక పక్క పడిపోయింది. రోజూ పొద్దున వేడినీళ్ళతో స్నానం చేయించి చెయ్యీ కాలూ మర్దన చేస్తే కొంచెం కదిలేవి, చేయించని రోజు కొయ్యలా బిగుసుకుపోయేవి. అందుకని మా అమ్మ పెద్ద డేగిసాలో నీళ్ళు మరగబెట్టి, రెండు చివరలా గుడ్డ పట్టుకుని, ఆ మెట్ల మీదుగా దించేది. ఒకసారి వానాకాలంలో కాలు జారి మరిగే నీళ్ళు కాలి మీద పడ్డాయి. మోకాలి కింది నుంచి పాదం దాకా చర్మం ఊడివచ్చింది. నెల రోజులు నడవలేకపోయింది. ఆ నెలలో రాత్రిళ్ళు ఆమె మూలుగు వినపడకుండా నేను దుప్పటి చెవుల మీదికి లాక్కునేదాన్ని. ఆ మాట ఇప్పుడు రాస్తుంటే కూడా సిగ్గుగానే ఉంది.

అమ్మ ఆయాగా పనిచేసే బడిలో పెద్ద టీచరమ్మ ఊరు మారుతూ తన పాత గీజరును మాకు ఇచ్చేసింది. మా గల్లీలో గీజరున్న ఇల్లు మాదొక్కటే. దాన్ని చూడటానికి వచ్చిన వాళ్ళకు అమ్మ చాయ్ కూడా ఇచ్చింది. గోడకు బిగించే ముందు మెకానిక్ దాని కింది మూత విప్పి, లోపలి సున్నం కడిగి, వచ్చిన సామాన్లన్నీ వాకిట్లో గోనెసంచి మీద పరిచాడు. అందులో జానెడున్నర కడ్డీ ఒకటి ఉంది. బూడిద రంగులో, గుంటలు పడి, పురుగు తిన్న వంకాయలా అసహ్యంగా ఉంది. అప్పుడు నాకు పదకొండేళ్ళు. బాపు కూతురిని కదా, ఊరుకుంటానా? మెకానిక్ చాయ్ తాగేలోపల ఉప్పు కాగితంతో దాన్ని రుద్ది ఆకుపచ్చ రంగు పూశాను. అది ఆరేదాకా పని ఆపమని బతిమాలితే ఆయన నవ్వి మర్నాడు వస్తానన్నాడు. ఆ సాయంత్రం రెండో పూత కూడా వేసి, నడుమ ఒక చిన్న ఎర్ర పువ్వు దించాను. బాపు ఆ కడ్డీని దీపం దగ్గర తిప్పి తిప్పి చూసి, నా చెయ్యి నిలకడగా ఉందని మెచ్చుకున్నాడు. ఆ రాత్రి నాకు గర్వంతో నిద్ర పట్టలేదు. మర్నాడు మెకానిక్ దాన్ని అలాగే గీజరు లోపల బిగించాడు.

ఏడాది తిరిగింది. ఒక పొద్దున గీజరు నీళ్ళు పలచని చాయ్ రంగులో వచ్చాయి. వారానికల్లా చిక్కబడ్డాయి. తాతయ్య తెల్ల పంచె తుప్పు మరకలు పట్టింది, ఒంటి మీద దద్దుర్లు లేచాయి. మెకానిక్ వచ్చి ఒక గ్లాసు పట్టి చూసి, విప్పే పని కూడా పెట్టుకోలేదు.

"ఖతం హోగయా అన్నా. టాంకీ లోపల తుప్పు తినేసింది. నేడో రేపో చిల్లు పడ్తది. తుక్కోనికి ఇచ్చెయ్."

కొత్తది కొనే మాట మా ఇంట్లో ఎవరి నోటా రాలేదు. తుక్కు బండివాడు సోమవారం వస్తానన్నాడు.  అమ్మ అటక మీంచి డేగిసా దించి చింతపండుతో తోమింది. మర్నాడు పొద్దున ఆమె ఆ మెట్లు దిగుతుంటే నేను కింద నిలబడి ఒక్కో మెట్టూ లెక్కపెట్టాను. కాలిన మచ్చ ఉన్న కాలును ఆమె ముందు పెట్టేది కాదు. మంచి కాలు దించి, ఆగి, రెండో కాలు దాని పక్కకు తెచ్చుకునేది. తొమ్మిదో మెట్టు దిగేదాకా నాకు ఊపిరి ఆడలేదు.

మా పక్కింటి అక్కకు అప్పుడు ఇరవై రెండేళ్ళుంటాయి. ఒక ప్రభుత్వ ఫ్యాక్టరీలో, ఇనుప సామానుకు తుప్పు పట్టకుండా పూతలు పూసే చోట పనికి కుదిరింది. పొద్దున్నే జడ బిగించి, టిఫిన్ డబ్బా పట్టుకుని కంపెనీ బస్సెక్కేది. ఆడపిల్ల ఇనుము పనికి పోవడమేమిటని గల్లీలో గుసగుసలుండేవి. అక్క ఈ చెవితో విని ఆ చెవితో వదిలేసేది. ఆ సాయంత్రం మా వాకిట్లో ఎర్రనీళ్ళ బకెట్ చూసి ఆగింది. గీజరు లోపల ఒక కడ్డీ ఉండాలె, ఉన్నదా అని అడిగింది. ఉంది, దానికి రెండు పూతలు రంగేసి పువ్వు కూడా దించానని నేను ఛాతీ విరుచుకుని చెప్పాను.

అక్క నవ్వలేదు, తిట్టలేదు. రెండు గాజు గ్లాసులు, రెండు కొత్త మేకులు, అయిపోయిన టార్చిలైటు సెల్లు ఒకటి, బాపు రేకు కత్తెర తెమ్మంది. సెల్లు మీది కాగితం చింపి, కింద ఉన్న పలచని లోహపు తొడుగును పట్టీలా కత్తిరించి కడిగింది. ఒక మేకుకు ఆ పట్టీని గట్టిగా చుట్టింది. రెండోదాన్ని ఉత్తగా వదిలింది. రెండు గ్లాసుల్లోనూ ఉప్పునీళ్ళు పోయించి, చెరో మేకూ వేయించి కిటికీలో పెట్టించింది. మూడు రోజులు ముట్టుకోవద్దని, నాలుగో రోజు తనకు ఏమీ చెప్పక్కర్లేదని, నేను చూసుకుంటే చాలని వెళ్ళిపోయింది. ఇదేదో గారడీ అనుకున్నాను.

మూడో రోజుకే తెలిసిపోయింది. ఉత్త మేకు వేసిన గ్లాసులో నీళ్ళు మా గీజరు నీళ్ళలాగే ఎర్రబడ్డాయి. పట్టీ చుట్టిన మేకు మాత్రం దుకాణంలోంచి తెచ్చినంత కొత్తగా ఉంది. కరిగింది పట్టీ, గుల్లబారి తెల్ల పొడి రాలుస్తోంది. నేను ఆ రెండు గ్లాసుల ముందు కుక్కిన పేనులా కూర్చుండిపోయాను. కడ్డీ అసహ్యంగా ఉన్నది పాడైపోయి కాదని, అది తన పని తాను చేస్తూ ఉండిందని, ఆ పనిని నేను రంగు వేసి ఆపేశానని ఎవరూ చెప్పకుండానే అర్థమైంది. వినాయకుణ్ణి చేయబోతే కోతి అయిందంటారే, అదీ నా సంగతి. కాకపోతే ఆ కోతి వచ్చి మా అమ్మ కాళ్ళ మీద పడింది.

అక్క దగ్గరికి పరుగెత్తి ఏడ్చాను. బాపుకు నువ్వే చెప్పు అని ఆమె కాళ్ళావేళ్ళా పడ్డాను. చెప్పదట. తప్పు ఎవరు చేశారో వాళ్ళ నోటనే రావాలట. తను పక్కన నిలబడటానికి మాత్రం ఒప్పుకుంది. బాపు కిరసనాయిలులో కుంచెలు కడుగుతున్నాడు. గీజరు నా వల్లనే ఖరాబైందని చెప్పేసరికి నా గొంతు నాకే వినపడలేదు. రెండోసారి చెప్పాల్సి వచ్చింది. బాపు నా వైపు కాక అక్క వైపు చూశాడు.

"ముప్పై ఏండ్లసంది రంగేస్తున్న. రంగేస్తే ఇనుము ఖరాబైతదని గిప్పుడు నువ్వు చెప్తవా?"

"రంగు మంచిదే కాకా. గని ఆ కడ్డీ ఇనుము గాదు, మెగ్నీషియం. దాని పనే కరుగుడు. నీళ్ళు ఏదో ఒకటి తినక మానవు. అది తనను తినుమని ముందట నిలబడ్తది, టాంకీని తిననియ్యది. మనం దానికి అంగీ తొడిగినం. నీళ్ళు పోయి టాంకీ మీద పడ్డయి."

బాపు కిటికీ దగ్గరికి వెళ్ళి రెండు మేకులూ బయటికి తీసి అరచేతిలో పెట్టుకుని చాలాసేపు చూశాడు. నేను దెబ్బల కోసం సిద్ధంగా నిలబడ్డాను. "శభాష్ అన్నది నేనే గద బిడ్డా" అని మాత్రం అన్నాడు. అంతకంటే రెండు దెబ్బలే నయమనిపించింది.

ఇంకా చిల్లు పడలేదు కాబట్టి టాంకీ దక్కొచ్చని అక్క అంది. ఆదివారం చర్చి నుంచి వస్తూ దారిలో కొత్త కడ్డీ, రబ్బరు వాషరు తెచ్చింది. మెయిన్ తీసేసి, టెస్టర్‌తో చూసి, నీళ్ళ పైపు మూసి, టాంకీ ఖాళీ చేయించింది. ఇక కడ్డీని పట్టి ఉంచే నట్టు తానే విప్పుతుందనుకున్నాను. పెద్ద పానా తీసి నా చేతిలో పెట్టింది.

"నువ్వేసిన రంగు. నువ్వే ఇప్పు."

స్టూలు మీద నిలబడి, చేతులు పైకెత్తి ఎంత గుంజినా ఆ నట్టు కదల్లేదు. ఏడాది తుప్పు దాన్ని పట్టుకుని ఉంది. గల్లీలో సగం మంది గుమ్మం దగ్గర చేరారు. మెకానిక్ కూడా వచ్చి, ఛోటీకి ఎందుకమ్మా ఈ లొల్లి, రేపు బండోడు వస్తడు గద అని నవ్వాడు. అక్క పానా పిడికి ఒక ఇనుప గొట్టం తొడిగి పొడుగు చేసింది. అప్పుడు కూడా కదల్లేదు. నా అరచేతులు బొబ్బలెక్కాయి. దిగిపోదామని కాలు కదిపాను.

అప్పుడే అమ్మ పైనుంచి దిగి వచ్చింది. కొంగు నడుముకు చుట్టి, నా వెనక నిలబడి, నా చేతుల మీద చేతులు వేసింది. ఆమె గుండె నా వీపుకు కొట్టుకోవడం తెలుస్తోంది. "గుంజు బిడ్డా" అంది. ఇద్దరం ఒక్కసారి వేలాడినట్టు గుంజాం. కిర్రుమని నట్టు తిరిగింది. నా మొహం మీద ఎర్రటి బురద కారింది. అంత సంతోషంగా ఎవరైనా బురద తుడుచుకుని ఉంటారా?

కడ్డీ కిందికి దిగింది. టాంకీ లోపలంతా తుప్పు పొరలు. కడ్డీ మాత్రం ఆకుపచ్చగా నిగనిగలాడుతూ, నా ఎర్ర పువ్వు రేక చెదరకుండా ఉంది.  ముందు నవ్వింది బాపే. "నీళ్ళు టాంకీని మొత్తం తిన్నయి గని నా బిడ్డ పువ్వును ముట్టలే" అని కళ్ళ నీళ్ళు వచ్చేదాకా నవ్వాడు. దాంతో గల్లీ అంతా నవ్వింది, నేను కూడా నవ్వాను.

లోపలి బురద కడిగి, కొత్త కడ్డీని నేనే బిగించాను. అది బోసిగా, వెండిలా తెల్లగా ఉంది. దాని మీద చెయ్యి పెట్టనియ్యకుండా బాపును అమ్మ కళ్ళతోనే ఆపింది. నీళ్ళు నింపి వదిలితే మొదటి మూడు బకెట్లు ఎర్రగానే వచ్చాయి.  నాలుగోది పలచబడింది. ఆరోదాంట్లో బకెట్ అడుగు కనిపించింది. మెకానిక్ అందులో చెయ్యి పెట్టి, వాసన చూసి, ఆ కడ్డీ ఏ దుకాణంలో దొరుకుతుందో చెప్పమని అక్కను బతిమాలాడు. ఆడపిల్లకు ఇనుము పనేమిటన్న గుసగుస మా గల్లీలో ఆ రోజుతో ఆగింది.

మర్నాడు తుక్కు బండివాడు వచ్చి ఖాళీగా వెళ్ళాడు. తాతయ్య వేడినీళ్ళ స్నానం చేసి, ఎండలో కూర్చుని, పడిపోయిన చెయ్యి వేళ్ళను ఒక్కొక్కటే విప్పి చూపించాడు. అమ్మ మెట్ల మీద కూర్చుంది. మోయడానికి ఏమీ లేక, చేతులు ఒళ్ళో పెట్టుకుని ఊరికే కూర్చున్న మా అమ్మను నేను అంతకుముందు చూడలేదు. ఆ గీజరు మరో తొమ్మిదేళ్ళు నడిచింది. ప్రతి రెండేళ్ళకూ కడ్డీ మార్చింది నేనే. తరవాత గీజర్లు కొనుక్కున్న చుట్టుపక్కల ఇళ్ళవాళ్ళు కూడా కబురు పెట్టేవాళ్ళు.

ఇప్పుడు మలక్‌పేటలో ఉంటున్నాను, అరవై దగ్గర పడ్డాయి. దేన్నైనా బాగు చెయ్యబోయే ముందు అది ఏ పని కోసం అక్కడుందో అడిగి తెలుసుకోవడం ఆనాటి నుంచే నాకు అలవాటైంది. నా కోడలికి ఇది చాదస్తం. కానీ నేను దాచుకున్నది ఆ పాఠం ఒక్కటే కాదు. తరవాత నా వల్ల చెడినవి చాలా ఉన్నాయి. ఉద్యోగంలో చెడినవి ఉన్నాయి, మనుషుల మధ్య చెడినవీ ఉన్నాయి. ప్రతిసారీ ముందు గొంతు వణికింది. వణుకుతూనే నాదే తప్పని చెప్పాను, చెప్పి పనిలోకి దిగాను. దిగిన ప్రతిసారీ అమ్మ చేతులు నా చేతుల మీద ఉన్నట్టే అనిపిస్తుంది. అవి ఉన్నాయనుకుంటే ఎంత బిగిసిన నట్టయినా తిరుగుతుందని నా నమ్మకం.