బతికున్న కాకకు పాడిన తత్వం

మా భజన బృందానికి పేరంటూ లేదు. పేరు పెడదామని రెండుసార్లు కూర్చుంటే రెండుసార్లూ కొట్టుకున్నంత పనైంది. దుబాయ్ అల్ కుసైస్‌లో నిజామాబాద్ ఆయన ఒకరు మెస్సు నడిపేవాడు. శుక్రవారం మధ్యాహ్నం భోజనాలయ్యాక బల్లలు గోడకు జరిపి, చాపలు పరిచి, సాయంత్రం పార్సిళ్ల వేళ దాకా పాడుకునేవాళ్లం. అందరం జగిత్యాల, ఆర్మూర్, సిరిసిల్ల వైపు వాళ్లమే. అందులో సగం మంది సోనాపూర్ లేబర్ క్యాంపుల నుంచి బస్సు మారి వచ్చేవాళ్లు.

నాది హార్మోనియం. ఉద్యోగం జెబెల్ అలీ ఫ్రీ జోన్‌లో, ఓడ సరుకుల కాగితాల పని. వారమంతా ముదీర్ చేత, అంటే మేనేజరు చేత, మాటలు పడి ఆ కోపం శుక్రవారం మా మీద తీర్చుకుంటాడని మెస్సు ఆయన నన్ను ఆడిపోసుకునేవాడు. అబద్ధమేమీ కాదు. నాకు కోపం ఎక్కువ, అందులో పెద్ద వాటా కాకకే దక్కేది.

బాబాయి వరసన అందరం కాక అని పిలిచే ఆయన మా ముందుపాట మనిషి. ఆయన ఒక చరణం ఎత్తుకుంటే మిగతా వాళ్లం వంత పాడాలి. కట్టే బిల్డింగుల మీద ఇనుప చువ్వలు వంచి కట్టడం ఆయన పని. ఊళ్లో కుర్రతనం నుంచి, చేతిలో చెక్క చిరుతలు మోగిస్తూ పాడే చిరుతల భజనలో ఆరితేరినవాడు. గొంతు మాత్రం గొప్పది, అందులో మారు మాట లేదు. కానీ ఆ గొంతుకు తగ్గ గర్వం కూడా ఉండేది. మేం అందుకోలేమని తెలిసి కావాలనే శ్రుతి పైకి తీసుకుపోయేవాడు. ఇంకొకరు ముందుపాట ఎత్తుకుంటే చాలు, చెప్పులు వెతుక్కునేవాడు. నేను ఒక్క మెట్టు తప్పు నొక్కితే పాట ఆపేసి అందరి ముందూ నిలదీసేవాడు. "ఏందిరా, ఆఫీసుల టైపు కొట్టినట్టు కొడుతున్నవ్" అనేవాడు. నేనూ ఊరుకునేవాణ్ణి కాదు. బాగా పాడావని ఆయనతో మాలో ఎవరమూ ఒక్కసారి కూడా అనలేదు. అంటే ఇంక నెత్తికెక్కి కూర్చుంటాడని మా అందరికీ భయం.

కాకకు ఒకటే కోరిక. మనవాళ్ల సంఘం ఏటా ఒక పెద్ద హాల్లో పండగ ప్రోగ్రాం పెట్టేది. అందులో మాకు సినిమా డాన్సుల మధ్య పది నిమిషాలు ఇచ్చేవాళ్లు. ఒకసారి కాక పాట మధ్యలో ఉండగానే మైకు కట్ చేసి, పిల్లల డాన్సుకు పాట పెట్టేశారు.  ఆ రోజు తిరిగి వచ్చి బస్సు దిగేటప్పుడు కాక నాతో అన్నాడు. "పోయే లోపల ఒక్కసారన్న గంట సేపు పాడాలెరా ఆడ. ఎవడు మైకు ముట్టద్దు." కాకకు దుబాయ్‌లో మిగిలిన ఆశ అంతే.

మా పాటల్లో ఒకటుంది, శుక్రవారాలు పాడనిది. మనిషి పోయాక శవాన్ని లేపే ముందు పాడే తత్వం. దాన్ని కాక మాకు కొంత కొంతగా, మాటలు వేరుగా, వరస వేరుగా నేర్పాడు. మొత్తం కలిపి పాడాలంటే నిజంగా ఒక మనిషి పోయి ఉండాలన్నాడు. క్యాంపులో ఎవరైనా పోతే, శవం పెట్టె విమానమెక్కే రోజు మెస్సులో కూర్చుని దాన్ని పాడేవాళ్లం. పోయినవాడి వైపు నుంచి ఇక్కడ ఏడవడానికి ఎవరూ ఉండరు కాబట్టి ఆ పని మాదే అనుకునేవాళ్లం.

2020 వేసవి వచ్చేసరికి కరోనా వల్ల మెస్సులో బల్లలన్నీ తిరగేసి పెట్టారు. పార్సిళ్లు తప్ప మనుషుల్ని లోపలికి రానివ్వకూడదు. సోనాపూర్‌లో కాక గదిలో ఇద్దరికి జ్వరం వచ్చింది, తరువాత కాకకు. ఒక పొద్దున బస్సు వచ్చి ముగ్గుర్నీ ఎక్కడికో తీసుకుపోయింది. ఎక్కడికో క్యాంపులో ఎవరికీ సరిగ్గా తెలియదు. కాక ఫోన్ తీసుకుపోయాడు, చార్జరు మంచం మీద మరిచిపోయాడు. మొదటి రెండు రోజులు వాట్సాప్ గ్రూపులో దగ్గుతూ రెండు మాటలు పంపాడు. ఆ తరువాత ఫోన్ కలవలేదు.

వారం దాటాక మాకు కాళ్లూ చేతులూ ఆడలేదు. క్యాంప్ బాస్‌కు ఫోన్ చేయాలి, ఆయనది ఏదో ఉత్తరాది హిందీ. మాలో హిందీ, ఉర్దూ బాగా వచ్చినవాడు డోలక్ వాయించే భాయ్. ఆర్మూర్ వైపు ముస్లిం, తత్వాలు మా అందరికన్నా శ్రద్ధగా పాడేవాడు. అతనూ నేనూ మెస్సు ఆయనా ఒకే బిల్డింగులో ఉండేవాళ్లం. ముగ్గురం మెస్సు వంటింట్లో నిలబడి ఉండగా భాయ్ ఫోన్ చేశాడు. గది నంబరు చెప్పాడు, కాక పేరు చెప్పాడు. అవతల మనిషి హడావుడిగా ఏదో అన్నాడు. భాయ్ ఫోన్ కింద పెట్టి గోడకు ఆనుకున్నాడు.

"ఏమన్నడు?" అని అడిగాను.

"ఉస్కా ఖలాస్ హోగయా అన్నడు. రేపు బండి వస్తదంట."

ఖలాస్ అంటే మా ఊళ్లలో ఒకటే అర్థం. మనిషి పోయాడని. దుబాయ్‌లో ఆ మాట పొద్దున లేస్తే వంద సార్లు వింటాం. పని అయిపోతే ఖలాస్, టీ అయిపోతే ఖలాస్, వీసా అయిపోతే ఖలాస్. కానీ ఆ రోజుల్లో, వారం రోజులుగా ఫోన్ కలవని మనిషి గురించి ఆ మాట చెవిన పడితే దుబాయ్ అర్థం ఎవరికి గుర్తొస్తుంది? బండి అనగానే మా ముగ్గురికీ అంబులెన్సే కనిపించింది. ఆ జబ్బుతో పోయినవాళ్లను ఊరికి పంపరని, ఇక్కడే కానిచ్చేస్తారని అప్పటికే విని ఉన్నాం. అంటే మొహం కూడా చూడలేం.

మెస్సు ఆయన స్టవ్ ఆర్పేశాడు. నేను పైకి వెళ్లి హార్మోనియం తెచ్చాను. మాస్కులు గడ్డం కిందికి లాగి, బియ్యం బస్తాల మధ్య కూర్చుని, కాక నేర్పిన తత్వం మొదటి నుంచి చివరి దాకా పాడాం. భాయ్ ముందుపాట. ఏడుస్తూనే పాడాడు. మెస్సు ఆయన ఫోన్‌లో రికార్డు చేసి గ్రూపులో పెట్టాడు. కాక పోయాడని కింద రాశాడు.

ఇంక గ్రూపులో వరదే. క్యాంపుల్లో, గదుల్లో ఇరుక్కుపోయిన వాళ్లందరూ గొంతు మెసేజ్‌లు పెట్టారు. అసుంటి గొంతు మళ్ల పుట్టదన్నాడొకడు. కాక పాడితే దుబాయ్‌ల ఉన్నట్టే అనిపించకపోయేదన్నాడు ఇంకొకడు. నేనూ పెట్టాను. ఆయన తిట్టకపోతే నాకు హార్మోనియం వచ్చేదే కాదన్నాను. నోరు తెరిచి అన్నాను.

మర్నాడు మధ్యాహ్నం గ్రూపులో కాక నంబరు నుంచి ఒక గొంతు మెసేజ్ వచ్చింది. ఎవరి చార్జరో అడుక్కుని ఫోన్ వెలిగించాడట. గొంతు బొంగురు, మధ్యలో దమ్ము.

"తత్వం బెట్టిండ్రు. ఎవలు సచ్చిండ్రురా?"

అప్పటికి ఆయన విన్నది పాట ఒక్కటే, కింద రాసింది చదవలేదు. భాయ్ మళ్లీ ఫోన్ చేస్తే సంగతి తేలింది. ముందు రోజు క్యాంప్ బాస్ చెప్పింది కాక క్వారంటైన్ ఖలాస్ అయిందని, రేపు బండి వచ్చి వేరే క్యాంపుకు తెస్తుందని. భాయ్‌ని ఆ రోజు నేను తిట్టిన తిట్లు ఇక్కడ రాయలేను. ఉర్దూ నీ అమ్మ భాష కదా, అంత తెలియదా అన్నాను.  మెస్సు ఆయన పాట డిలీట్ చేశాడు. తరువాత అందరూ ఒకరి వెనక ఒకరు తమ మెసేజ్‌లు డిలీట్ చేశారు, నేను కూడా. కాక ఫోన్‌లో మెసేజ్ తొలగించారన్న గీతలు బారుగా కనిపించి ఉంటాయి. పాట కింది రాత కూడా పోయింది, కానీ ఆ లోపలే ఆయన మా మెసేజ్‌లన్నీ వినేశాడు. మళ్లీ ఏమీ పంపలేదు.

చలికాలం వచ్చాక మెస్సు తెరిచారు. మొదటి శుక్రవారం తక్కువ మందిమే చేరాం, దూరం దూరంగా కూర్చున్నాం. కాక వచ్చాడు. చొక్కా భుజాల మీద నిలవడం లేదు. ఆయన చోటు మధ్యలో వదిలిపెట్టాం, చిరుతలు కూడా అక్కడే పెట్టాం. ఆయన తలుపు పక్కన కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"రా కాక, ఎత్తుకో" అన్నాడు భాయ్.

"నాకు పాడిన్రు గదరా. మా దిక్కు తత్వం పాడినంక ఆ మనిషి మళ్ల గొంతు ఎత్తద్దు. ఎత్తితే ఇంట్లకెల్లి ఇంకొకలను తోల్కపోతడు. నాకు మనవడున్నడు."

 చచ్చాడని పుకారు పుడితే ఆయుష్షు పెరుగుతుంది కదా అని మెస్సు ఆయన నచ్చజెప్పబోయాడు. ఊళ్లో అయ్యగారికి ఫోన్ చేయించి శాంతి చేయిద్దామన్నాడు. కాక వినలేదు. ప్రతి శుక్రవారం వచ్చేవాడు, తినేవాడు, తలుపు పక్కన కూర్చుని మేం పాడేది వినేవాడు. తప్పు పాడినా ఏమీ అనేవాడు కాదు. అది తిట్ల కన్నా ఘోరంగా ఉండేది. భాయ్ అయితే ఆయన వైపు చూసి డోలక్ వాయించలేకపోయేవాడు. ఒక బతికున్న మనిషిని మా నోటితో మేమే చంపేశామని అతనికి గట్టి నమ్మకం.

ఇంకో ఏడాది గడిచాక సంఘం వాళ్లు మళ్లీ ప్రోగ్రాం పెట్టారు. ఈసారి వాళ్లే ఫోన్ చేశారు. జానపదానికి గంట ఇస్తామన్నారు, మైకులన్నీ మావే. నేను సోనాపూర్ దాకా వెళ్లి కాకకు చెప్పాను. నాకెప్పుడూ రానంత బతిమాలడం ఆ రోజు వచ్చింది.

"గంట, కాక. నువ్వడిగిన గంట."

"మనవని పాణం కన్న ఎక్కువనా?" అన్నాడు, నా మొహం చూడకుండా.

మేం ఆయన లేకుండానే పాడాం. భాయ్ గొంతు నలభై నిమిషాలకే ఆగింది. మిగతా టైం వాళ్లు ఏదో డాన్సుతో నింపుకున్నారు. కాక వెనక వరసలో, పేపరు ప్లేటు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. ఆ గంట ఆయన దగ్గర్నించి మేం లాక్కున్నట్టే అనిపించింది నాకు. ఇంటికొచ్చి భాయ్‌తో మళ్లీ పోట్లాడాను.

2022లో దుబాయ్‌లో సెలవులు మారిపోయాయి. నాకు శని, ఆదివారాలు, భాయ్‌కి ఆదివారం, క్యాంపుల్లో కొందరికి ఇంకా శుక్రవారమే. అందరూ ఒక రోజు కలవడమే గగనమైంది. హార్మోనియం బీరువా మీదికెక్కింది. ఆ ఏడాదే కాకను కంపెనీ వీసా క్యాన్సిల్ చేసి ఊరికి పంపించేసింది. ఎయిర్‌పోర్టులో ఆయన నా చెయ్యి ఒకసారి పట్టుకుని లోపలికి వెళ్లిపోయాడు.

మొన్నటి ఏడాది ఒక ఆదివారం పొద్దున కాక కొడుకు ఫోన్ చేశాడు. కాక తెల్లవారుజామున పోయాడు. ఊపిరితిత్తులు ఎప్పుడో పాడైపోయాయట. నేను భాయ్‌కి, మెస్సు ఆయనకు కబురు పెట్టి, మెస్సులో కూర్చుని మళ్లీ ఊరికి వీడియో కాల్ చేశాను. ఊళ్లో భజన తెలిసిన వాళ్లు మిగల్లేదని, మేం తత్వం పాడితే ఫోన్ బాపు పక్కన పెడతానని అన్నాడు కొడుకు.

భాయ్ తల అడ్డంగా ఊపాడు. "ఒకసారి పాడినం. ఆ పాపమే ఇంక మోస్తున్నం. మళ్ల పాడద్దు."

"ఎందుకు పాడద్దు?" అన్నాడు కొడుకు ఫోన్‌లోంచి.

కాక చెప్పిన నియమం చెప్పాను. గొంతు ఎత్తితే ఇంట్లో ఇంకొకరు పోతారన్నది. మనవడి సంగతి కూడా.



"అసుంటి నియమం మా దిక్కు ఏది లేదన్నా. మా తాత సచ్చిండని తత్వం పాడితే లేచి కూసున్నడంట, మళ్ల పదేండ్లు పాడిండు. బాపుకు ఆ జరమొచ్చినంకనే గొంతు పోయింది. రెండు మాటలు కలిపి పాడనీకి దమ్ము సాలది. ఇంటికొచ్చినంక తలుపేసుకొని ఎన్నోసార్లు మొదలువెట్టిండు. ఒక్క చరణం గూడ దాటలే."

భాయ్ నా వైపు చూశాడు. అన్నేళ్లు మోసిన పాపం మాది కాదు. సంతోషించాల్సింది, నాకైతే ముందు కోపమే వచ్చింది. గొంతు పోయిందని ఒక్క మాట అంటే మేం ఏమనేవాళ్లం? ఏమీ అనేవాళ్లం కాదు, జాలిపడేవాళ్లం. ఆయనకు అదే వద్దు. మేమే హంతకులమని నమ్మించైనా సరే, గొప్ప గొంతు గల మనిషిగానే ఆ తలుపు పక్కన కూర్చున్నాడు. ఆ గంట ఆయన మనవడి కోసం వదులుకోలేదు. ఎంత కావాలనుకున్నా పాడలేక వదులుకున్నాడు, అదీ మా కళ్ల ముందే. నాకు ఏడుపు ఆగలేదు.

ఫోన్ చేతులు మారింది. కాక భార్య. ఆమె గొంతు నేను అదే మొదటిసారి వినడం.

"పాడుండ్రి బిడ్డా. మీరు మంచిగ పాడరని ఎప్పుడూ అంటుండె. ఇప్పుడైతే ఏమనడు."

భాయ్ కళ్లు తుడుచుకుని మొదటి చరణం ఎత్తుకున్నాడు. నేను వంత అందుకున్నాను.