మా బడిలో మళ్లీ ఆడిన రేడియో నాటకం

మా నాన్నగారు పోర్టులో క్రేను నడిపేవారు. గోదావరి వైపు నుంచి ఉద్యోగం కోసం విశాఖపట్నం వచ్చిన కుటుంబం మాది. ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక ఆయన రేడియోని ముందుగదిలో స్టూలు మీద పెట్టేవారు. పిల్లల నాటకం వచ్చే వేళకి వీధిలో ఆడుకునేవాళ్లు కూడా చెప్పులు గుమ్మంలో విడిచి లోపలికి వచ్చి కూర్చునేవారు.

ఒక ఆదివారం ఆయన పక్కింటివాళ్ల టేప్ రికార్డరు అడిగి తెచ్చి, రేడియో ముందు పెట్టి, ఆరోజు వచ్చిన నాటకాన్ని ఖాళీ క్యాసెట్ మీదకి ఎక్కించారు. సముద్రం మీద చేపల వేటకి వెళ్లిన తాత తుఫానులో చిక్కుకుంటే, ఒడ్డున నిలబడి మనవరాలు పిలుస్తూనే ఉండే కథ అది. రాసినాయనే తాత వేషం కూడా కట్టారు. బరువైన గొంతు. అలలు, గాలి, ఆ గొంతు, వాటి మధ్యలో మా వంటింట్లో అమ్మ చేతిలోంచి గిన్నె జారిన చప్పుడు, ‘అయ్యో’ అన్న అమ్మ మాట. నాటకంతో పాటు అవీ క్యాసెట్‌లో ఉండిపోయాయి.

పెద్దయ్యాక నేను తెలుగు టీచర్నయ్యాను. ఫిషింగ్ హార్బరు దగ్గరి ప్రభుత్వ హైస్కూలుకి వచ్చినప్పుడు ఆ క్యాసెట్ కూడా నా వెంట వచ్చింది. నాటక పాఠం చెప్పాల్సి వచ్చినప్పుడల్లా వినిపించేదాన్ని. క్యాసెట్ ప్లేయరు పాడయ్యాక ఒక పూర్వ విద్యార్థి ఆ నాటకాన్ని నా ఫోనులోకి ఎక్కించి ఇచ్చాడు. తుఫాను ఉద్ధృతంగా ఉండగా గిన్నె పడేసరికి తరగతి మొత్తం నవ్వేది. అది మా అమ్మ అని చెబితే ఇంకా నవ్వేవారు. అమ్మ పోయాక కూడా ఏడాదికోసారి ఆ ‘అయ్యో’ నా చెవిన పడుతూ ఉండేది.

ఈమధ్య సంవత్సరాల్లో అన్ని బడుల్లాగే మా బడి కూడా ఇంటర్నెట్‌లో ఒక చానెల్ పెట్టుకుంది. వార్షికోత్సవంలో ఆడపిల్లలు ఒక కొత్త సినిమా పాటకి వేసిన డాన్సుతో దాన్ని మొదలుపెట్టాం. మర్నాడు చూస్తే వీడియోలో పాట లేదు. పాట హక్కులున్న కంపెనీ శబ్దం తీయించేసింది. పిల్లలు మూగగా గెంతుతున్నారు, చేతులు తిప్పుతున్నారు, చూసేవాళ్లకి ఎందుకో తెలియడం లేదు. హార్బరులో పనిచేసే ఒక తల్లి బడికి వచ్చి, పాటతో పాటు పాడిన మా పిల్ల గొంతు కూడా ఏమీ వినపడటం లేదేంటని అడిగింది. హెడ్మిస్ట్రెస్ గారు నన్నూ, లెక్కల మాస్టారినీ పిలిచి, ఇకమీదట ఏది పెట్టినా మీరిద్దరూ చూశాకే పెట్టాలన్నారు.

లెక్కల మాస్టారు స్టీల్ ప్లాంట్ క్వార్టర్స్‌లో పుట్టి పెరిగినవారు. ఏ విషయమైనా అడుగంటా తెలుసుకుంటే గానీ వదలరు. సినిమా పాట కాదు, రేడియో నాటకం పెడదాం, దానికెవరూ అడ్డుచెప్పరు అన్నాను. ఆయన నాటకం మొత్తం విన్నారు. గిన్నె చప్పుడుకి నవ్వారు. తర్వాత నెమ్మదిగా, ఇది ఎవరిది మేడమ్ అని అడిగారు.

నాది అనబోయి ఆగిపోయాను. చిన్నప్పటి నుంచి మా ఇంట్లో ఉన్నది, మా అమ్మ గొంతున్నది. కానీ నాది ఎలా అవుతుంది? పాఠంలో భాగంగా తరగతి గదిలో వినిపించడానికి చట్టం ఒప్పుకుంటుందనీ, పిల్లల తల్లిదండ్రుల ముందు బడిలో ఆడుకున్నా పరవాలేదనీ, కానీ లోకం మొత్తానికి పంచాలంటే మాత్రం హక్కున్నవాళ్లని అడగాలనీ ఆయన విడమరిచి చెప్పారు. అడుగుదాం, పోయేదేముంది అన్నారు చివరికి.

నాటకం ముగిశాక రేడియోలో చెప్పిన పేరు పట్టుకుని వాకబు చేస్తే, ఆ రచయిత భీమిలిలో కూతురి దగ్గర ఉంటున్నారని తెలిసింది. శనివారం బడి అయ్యాక బస్సెక్కి వెళ్లాను. ముందు గదిలో కూతురి టైలరింగ్ షాపు, వెనక వరండాలో ఆయన. సన్నటి మనిషి, మెడకి తెల్లటి గుడ్డ కట్టుకున్నారు. గొంతుకి ఆపరేషన్ జరిగిందని కూతురు ముందే చెప్పింది. మాట్లాడితే గాలి మాత్రమే వస్తున్నట్టుంది, దగ్గరగా వంగి వినాలి.

ఫోనులో నాటకం పెట్టాను. ఆ పెద్ద గొంతు వరండా అంతా నిండింది. కుట్టుమిషన్ ఆగిపోయింది. కూతురు కొలతల టేపు మెడలోనే వేసుకుని గుమ్మంలోకి వచ్చి నిలబడింది. ఆయన కళ్లు మూసుకుని విన్నారు. గిన్నె పడినప్పుడు మాత్రం కళ్లు తెరిచి, ఇది నేను చేసిన శబ్దం కాదే అన్నట్టు నా వైపు చూశారు. సంగతి చెప్పాను. చాలాసేపు నవ్వుకున్నారు. అలల హోరు ఎలా పుట్టించారో చేతులతో చూపించారు. చేటలో పెసలు పోసి అటూ ఇటూ దొర్లించారట.

నేను వచ్చిన పని చెప్పాను.

“ఇన్నాళ్లకి ఒకరొచ్చి అడిగేరు,” అన్నారు. “రికార్డింగు రేడియోవోళ్లదమ్మా. నాది కానిది నానెలగ ఇత్తాను? రాసిందైతే నాదే. అది తీసుకెళ్లి మీ పిల్లల సేత ఆడించండి. ఆడిందాన్ని ఎక్కడ పెట్టుకున్నా నాకిష్టమే.”

పాత బీరువాలోంచి రాతప్రతి తీయించి, జిరాక్సు తీయించుకోమని నాకిచ్చారు. తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చుని ఒడిలో ఆ కాగితాలు పట్టుకున్నాను. క్యాసెట్‌లోని గొంతుని పిల్లలందరికీ పంచలేకపోతున్నానన్న దిగులు కొంచెం ఉంది. దానికంటే ఎక్కువగా, చిన్నప్పుడు రేడియోలో విన్న తాతతో కూర్చుని టీ తాగి వస్తున్నానన్న సంబరం ఉంది.

తాత వేషానికి ఎనిమిదో తరగతి పిల్లని ఎంచుకున్నాం. వాళ్ల తాత, నాన్న ఇద్దరూ వేటకి వెళ్లేవాళ్లే. గొంతు గట్టిది, భయం లేదు. కానీ రిహార్సల్‌లో మొదటి మాట దగ్గరే ఆగిపోయింది. ‘నేను వెళ్లుచున్నాను తల్లీ, గాలి మారుచున్నది’ అని ఉంది కాగితంలో.

“మా తాత ఇలగ మాటాడ్డు టీచర్,” అంది. “నానెల్తన్నాను, గాలి తిరిగిపోతంది అంటాడు.”

రచయిత మాటలు మార్చే హక్కు మనకి లేదని చెప్పాను. ఆ పిల్ల వినలేదు. మరి ఆయన్నే అడగండి అంది. అందరి ముందే ఫోను చేసి స్పీకరు పెట్టాను. ఆయన మాట సరిగా వినపడదని పిల్లలు ఊపిరి బిగబట్టి చుట్టూ చేరారు. ఆ పిల్ల తన మాట చెప్పింది. ఆయనకి కోపం వస్తుందేమో అనుకున్నాను.

“నాను ముందర అలగే రాసేను తల్లీ,” అన్నారాయన. “అప్పట్లో ఈ బాస రేడియోలో సెల్లదన్నారు. మార్సీసేను. నువ్వు మళ్లీ సరిసెయ్యి.”

ఆ తర్వాత మా తెలుగు పీరియడ్లు సంతలా మారిపోయాయి. ఒక్కో మాటకీ పిల్లలు ఇళ్లకెళ్లి అమ్మమ్మల్ని అడిగి వచ్చేవారు. తుఫాను ముందు నీళ్ల రంగుని ఏమంటారు, దూరంగా వస్తున్న పడవని చూసి ఏమని కేకేస్తారు, వేటకెళ్లేవాణ్ణి సాగనంపుతూ ఏ మాట అనకూడదు. వీధిలో నేర్చుకొచ్చి ‘నాను’ అంటే నన్ను మా ఇంట్లో తిట్టి, ‘నేను’ అనిపించి పెంచారు. ఆ పిల్లలు బోర్డు మీద ‘నాను’ అని రాస్తుంటే సుద్దముక్క అందిస్తూ నిలబడ్డాను.

అలల చప్పుడుకి చేట ఎందుకు, సముద్రమే పక్కనుండగా అని కొందరు మగపిల్లలు ఫోను పట్టుకుని ఒడ్డుకెళ్లారు. తెచ్చినదాంట్లో గాలి రొద తప్ప ఏమీ లేదు, ఎవరో పకోడీలు వేయిస్తున్నట్టుంది. చివరికి హెడ్మిస్ట్రెస్ గారు ఇంటినుంచి చేట పట్టుకొచ్చారు.

నాటకం రోజున సాయంత్రం బడి ఆవరణ నిండిపోయింది. చేపల అమ్మకం ముగించుకున్న ఆడవాళ్లు ఖాళీ గంపలు పక్కన పెట్టుకుని కింద కూర్చున్నారు. రచయిత గారు కూతురితో బస్సులో వచ్చారు. ముందు వరసలో కుర్చీ వేశాం. వేదిక మీద ఆ పిల్ల ‘నానెల్తన్నాను’ అనగానే గంపల దగ్గర ఎవరో ‘ఎల్లిరా అయ్యా’ అని బదులిచ్చారు. అది నాటకంలో లేదు. పిల్ల ఒక్క క్షణం తడబడి, తల ఊపి, ముందుకి సాగిపోయింది. నేను ఆయన వైపు చూశాను. పెదాలు కదులుతున్నాయి. ఒక్కోచోట పాత మాట అనబోయి, వేదిక మీద నుంచి వినపడిన కొత్త మాట విని ఆగుతున్నారు.

అయ్యాక ఆ పిల్లని దగ్గరికి పిలిచారు. తలపాగా ఇంకా తీయకుండానే వచ్చింది. ఆయన చెప్పింది వినడానికి బాగా వంగింది.

“ఈ మాటలు నీవి గదా,” అన్నారు. “నా నాటకంలో ఉంచుకోవచ్చా తల్లీ?”

అది ఆలోచించింది. నిజంగానే ఆలోచించింది.

“ఉంచుకోండి తాతా,” అంది. “పేర్లు మాత్రం ఎయ్యాలి. నాదొక్కద్దే కాదు, అందరివీ.”

లెక్కల మాస్టారు నవ్వు ఆపుకోలేక అటు తిరిగిపోయారు. రచయిత గారు మాత్రం నవ్వలేదు. పెన్ను అడిగి తీసుకుని, రాతప్రతి మొదటి పేజీలో తన పేరు కింద ఆ పిల్లల పేర్లన్నీ వాళ్లనే అడిగి రాసుకున్నారు. ఆ నాటకం వీడియో ఇప్పటికీ హార్బరు బడి చానెల్‌లో ఉంది. మొదటి నుంచి చివరి దాకా శబ్దంతో సహా ఉంది.

పోయిన వర్షాకాలంలో ఆయన పోయారు. కూతురు ఫోను చేసి చెప్పింది. ఏ బడి పిల్లలైనా అడిగితే నాటకం ఇవ్వమని, మాటలు వాళ్లకి నచ్చినట్టు మార్చుకోనిమ్మని చెప్పి వెళ్లారంది. చివరి రోజుల్లో అసలు మాట రాకపోతే పలక మీద రాసి చూపించారట.

నాకిప్పుడు పద్మనాభం ఊరి దగ్గరి బడికి బదిలీ అయింది. పొద్దున్నే బస్సులో వెళ్తుంటే దారి పొడుగునా వరిచేలు. హార్బరు బడి గుర్తొస్తే మనసు అక్కడికే పోతుంది. ఇక్కడి పిల్లలకి ఆ వీడియో చూపించాను. బాగుంది గానీ మాకు సముద్రం లేదు కదా టీచర్ అన్నారు. ఊడ్పుల మీద వాళ్లే సొంతంగా ఒక నాటకం మొదలుపెట్టారు. రాయడం సగం కూడా కాలేదు. ఎవరి పేరు ముందు వెయ్యాలన్న దగ్గర రెండు జట్లుగా విడిపోయి, వారం నుంచి ఒకళ్లతో ఒకళ్లు మాట్లాడుకోవడం లేదు.